మైనం, లక్క, మోటారుకారు

మైనం అన్న మాటకు వంశవృక్షం గీస్తే పైకొమ్మన మన్మథుడు కూర్చుని కనిపిస్తాడు. సంస్కృతంలో 'మదన' శబ్దానికి కాముడు అన్న అర్థంతో పాటు తేనెమైనం అన్న అర్థమూ ఉన్నది. అదే ప్రాకృతంలో 'మయణ' అయి, మన దగ్గరికి వచ్చేసరికి మయనమై, చివరకు మైనమై స్థిరపడింది. అమరకోశకారుడు మైనానికి మధూచ్ఛిష్టం, సిక్థకం అన్న పేర్లు చెప్పాడు. మధూచ్ఛిష్టమంటే తేనె ఎంగిలి, అంటే తేనె పిండుకోగా మిగిలినది. 12వ శతాబ్దంలో కల్యాణి చాళుక్య రాజు మూడవ సోమేశ్వరుడు తన 'మానసోల్లాసం'లో మైనంతో బొమ్మ చేసి, దానికి మట్టి పూసి, మైనాన్ని కరగించి, ఆ ఖాళీలో లోహం పోసి విగ్రహాలు పోతపోసే విధానాన్ని వివరించాడు. మైనం సహజగుణాన్ని, అంటే వేడికి కరిగి చోటు ఖాళీ చేసి పోవడాన్ని, మన శిల్పులు అంత చక్కగా వాడుకున్నారు. అదే గుణం మోటారుకారు మీద పూసినప్పుడు దోషమైపోతుంది. ఈ టపా ఆ దోషాన్ని గూర్చినది.

కారు కొన్నవారందరికీ ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యే ప్రశ్న ఇది: రంగు చెడకుండా పైపూతగా సహజమైన మైనం వాడాలా, రసాయనశాలలో పుట్టిన కృత్రిమ సీలెంటు వాడాలా? డబ్బాల మీద అట్టలు చూస్తే ఒకదాని మీద తాటిచెట్టు బొమ్మ, ఇంకొకదాని మీద 'పాలిమర్' అన్న మాట. నూరేళ్ళ చరిత్ర తెలియకుండా ఈ రెంటిలో ఒకటి ఎంచుకోవడమంటే బొమ్మ చూసి ఎంచుకోవడమే.

ముందు రంగు సంగతి. కారు రంగును లాకర్ అంటారు గదా, ఆ మాట మనదే. సంస్కృత 'లాక్షా' ప్రాకృతంలో 'లక్ఖా' అయి, తెలుగులో లక్క అయింది. హిందీలో లాఖ్ అయి, పారసీక అరబ్బీల మీదుగా పోర్చుగీసువారి నోట 'లాకా' అయి, ఇంగ్లీషులో లాకర్ అయింది. పాండవులను తగులబెట్టడానికి వారణావతంలో కట్టిన లక్కయింటి లక్కే ఇది. ఐరోపావారు చైనా జపానుల నుండి వచ్చిన నిగనిగలాడే పెట్టెలను చూసి వాటికి కూడా ఇదే పేరు పెట్టేశారు. నిజానికి అది పురుగు వల్ల వచ్చే లక్క కాదు, ఒక చెట్టు పాలు. ఆ జపాను పెట్టెలను అనుకరించి తాము చేసుకున్న నల్లని పూతకు 'జపాన్' అనే పేరు. ఆ తరువాత నైట్రోసెల్యులోజుతో చేసిన కారు రంగుకు మళ్ళీ లాకర్ అన్న పేరు. అందులో లక్కా లేదు, జపాను చెట్టుపాలూ లేవు. పేరు ఒక్కటే దేశాలు తిరిగింది.

మొదటి మోటారుకార్లకు గుర్రపు బళ్ళకు వేసే వార్నిష్‌లే వేసేవారు. అవిసెనూనెలో గుగ్గిలం వంటి జిగుర్లు కాచి చేసిన వార్నిష్ అది. ఒక పూత ఆరాలి, దాన్ని రుద్దాలి, పైన మరొక పూత వేయాలి. అట్లా ఒక్కొక్క కారుకు వారాలు పట్టేది. కారును గంటల్లో బిగించి, రంగు ఆరడం కోసం వారాల తరబడి కొట్టాల్లో నిలబెట్టవలసి వచ్చేది. ఫోర్డు మోడల్ టీ కార్లు 1914 నుండి 1925 దాకా నల్లరంగులో మాత్రమే రావడానికి కారణం చౌకగా దొరికి, గట్టిగా నిలిచే తారుజాతి నల్లని పూతలు. ఫోర్డుగారికి నలుపంటే ఇష్టమన్న మాట తరువాత అల్లినది.

దీనిని మార్చినది డ్యూపాంట్ కంపెనీ. అది తుపాకిమందు చేసే కంపెనీ. మొదటి ప్రపంచయుద్ధంలో గన్‌కాటన్ అనే నైట్రోసెల్యులోజును విస్తారంగా తయారుచేసింది. యుద్ధం ముగిశాక ఆ పదార్థాన్నే ద్రావకాలలో కరగించి రంగు కలిపి 'డ్యూకో' అన్న లాకరుగా అమ్మింది. జనరల్ మోటార్స్ వారు 1923లో, 1924 మోడలుగా వచ్చిన ఓక్‌లాండ్ కారుకు దీనిని నీలిరంగులో వేశారు. వారాలు పట్టే పని గంటల్లో ముగిసింది. జనరల్ మోటార్స్ పరిశోధనాధిపతి చార్లెస్ కెటరింగు గూర్చి ఒక కథ ప్రచారంలో ఉంది. రంగు త్వరగా ఆరడం అసాధ్యమని వాదించిన ఒక రంగుల వ్యాపారిని ఆయన భోజనానికి పిలిచి, తిరిగి వచ్చేలోగా అతని కారుకే వేరే రంగు వేయించాడట. కథ నిజమో కాదో గాని, నాటి ఆశ్చర్యం ఎంతటిదో అందులో కనిపిస్తుంది.

అయితే డ్యూకోకు ఒక శాపం ఉంది. పిచికారీ చేసిన వెంటనే అది మెరవదు; రుద్ది మెరుగు పెట్టాలి. పెట్టిన మెరుగు కూడా ఎండకు, గాలికి పెట్లిపోయి సుద్దపొడిలాగా తెల్లబారుతుంది. ఆ పొడిని రుద్ది తీసి, అడుగున ఉన్న కొత్తరంగును బయటపెట్టి, పైన ఏదైనా కప్పు వేయాలి. కారుకు మైనం పూయడమన్న ఆచారం ఇంటింటికీ పాకడానికి మూలం ఈ శాపమే. మన దేశంలో పాత అంబాసిడర్లు, ఫియట్లు తుడిచినవారికి ఇది అనుభవమే. గుడ్డకు కారు రంగు అంటుకుని వచ్చేది. తుడిచిన ప్రతిసారీ కొంచెం కారు తగ్గేదన్నమాట!

ఇక మైనం. తేనెమైనం 62 నుండి 64 డిగ్రీల సెల్సియస్ వద్ద కరుగుతుంది. కాని కారు పూతకు ఎక్కువగా వాడినది ఈశాన్య బ్రెజిల్‌లో పెరిగే కార్నౌబా అన్న తాటిజాతి చెట్టు మైనం. అది 82 నుండి 86 డిగ్రీల దగ్గర గాని కరగదు. గోరు దిగనంత గట్టిది. సెయరా, పియవీ, రియో గ్రాండి దో నోర్తి రాష్ట్రాలు దాని పుట్టిల్లు. ఎండాకాలం దీర్ఘంగా సాగే ఆ నేలలో చెట్టు తన ఆకులలోని తేమ ఆవిరైపోకుండా మైనపు పొడిని కవచంలాగా కప్పుకుంటుంది. తన ఆకు ఎండిపోకుండా చెట్టు చేసుకున్న ఏర్పాటును మనిషి గీరి తీసి కారుకు పూసుకున్నాడు. టుపి భాషలో ఆ పేరుకు 'గీరే చెట్టు' అన్న అర్థం చెబుతారు. ఆకు కాడల నిండా ముళ్ళుంటాయి గనుక ఆ పేరు సార్థకమే.

మైనం తీసే పద్ధతి ఇది. వానలు వెనకబట్టిన నెలల్లో, పొడవైన గడకు కొడవలి కట్టి, పది పదిహేను మీటర్ల ఎత్తున ఉన్న ఆకులను నేలమీద నిలబడే కోస్తారు. పడుతున్న ముళ్ళ ఆకును తప్పించుకోవడం కోసేవాని నేర్పు. ఏరేవారు వాటిని కట్టలు కట్టి, గాడిదల మీదనో బండ్ల మీదనో ఎక్కించి, ఎండలో నేలమీద పరచి రోజుల తరబడి ఆరబెడతారు. ఆకు ఎండి ముడుచుకున్నాక చీల్చి, కొట్టి పొడి రాలుస్తారు. గాలికి పొడి ఎగిరిపోతుంది గనుక పూర్వం ఈ పని తలుపులు మూసిన చీకటి గదులలో చేసేవారు. తరువాత యంత్రాలు వచ్చాయి. ఒక్క ఆకుకు దొరికేది కొద్ది గ్రాములే. ఆ పొడిని కరగించి, వడగట్టి, గడ్డ కట్టించి, ముక్కలు కొడితే అది కార్నౌబా. ఇంకా విచ్చుకోని మొవ్వ ఆకు నుండి వచ్చేది లేత పసుపు వర్ణంలో మేలురకం. ముదురాకుది గోధుమ వర్ణం నుండి నలుపు దాకా ఉంటుంది. మన అడవుల్లో ఎండాకాలం తునికాకు ఏరేవారిని ఎరిగినవారికి ఈ దృశ్యం కొత్తగా తోచదు. సెయరా రాష్ట్రం 2004లో ఈ చెట్టును తన రాష్ట్రచిహ్నంగా ప్రకటించుకుంది.

కారు ఒక్కటే కాదు. మనం బడుల్లో, కచేరీల్లో ప్రతులు తీసుకున్న కార్బన్ కాగితంలో ఈ మైనం ఉండేది. మాత్రల మీద ఉండే నునుపులోనూ, పిల్లల మిఠాయిల మెరుపులోనూ ఇది ఉంది. తినుబండారాల పొట్లం మీద 903 అన్న సంఖ్య కనిపిస్తే అది కార్నౌబాయే. కారుకు పూయవద్దని ఒట్టు పెట్టుకున్నవారు కూడా దీన్ని మింగుతూనే ఉంటారు!

ఈ మైనాన్ని అమెరికా ఇళ్ళలోకి తెచ్చినవారిలో శామ్యూల్ కర్టిస్ జాన్సన్ ముఖ్యుడు. ఆయన 1886లో విస్కాన్సిన్ రాష్ట్రంలోని రసీన్ ఊరిలో కొయ్య పలకల నేలలు అమ్మే వ్యాపారం కొన్నాడు. నేల కొన్నవారంతా "దీన్ని నిగారింపు చెడకుండా ఎట్లా చూసుకోవాలి?" అని అడగసాగారు. అందుకోసం చేసిన మైనపు ముద్ద అసలు వ్యాపారాన్ని మింగేసింది. కొన్నాళ్ళకు నేలలు పోయి మైనమే మిగిలింది. ఆయన మనుమడు హెర్బర్ట్ జాన్సన్ 1935లో, ఆర్థికమాంద్యం ఇంకా తీరని రోజుల్లో, నీటిమీదా నేలమీదా దిగగల సికోర్‌స్కీ ఎస్-38 విమానంలో రసీన్ నుండి బ్రెజిల్‌లోని ఫోర్టలేజా దాకా వెళ్ళాడు. కార్నౌబా చెట్లు ఎన్ని ఉన్నాయి, సరుకు చాలినంత దొరుకుతుందా, తోటలు వేసి పెంచవచ్చునా అని చూడడం ఆ యాత్ర లక్ష్యం. ఆ విమానానికి నకలు చేయించి, హెర్బర్ట్ కుమారుడు శామ్ జాన్సన్ తన ఇద్దరు కుమారులతో 1998లో అదే దారిన మళ్ళీ ఎగిరాడు. తండ్రిని తలచుకోవడానికి ఒక కొడుకు ఎంచుకున్న పద్ధతి అది. వారి కంపెనీ పత్రికలు యజమానుల ప్రయాణాన్ని ముచ్చటగా వర్ణిస్తాయి. ఆకు కోసినవారి పేర్లు మాత్రం చరిత్రకెక్కలేదు.

షికాగోలో 1910 ప్రాంతంలో పుట్టిన 'సైమనైజ్' అన్న సరుకు ఇంకొక తమాషా చేసింది. నకలుకు మనం జిరాక్స్ అన్నట్లు, అమెరికావారు కారుకు మైనం పట్టించడాన్ని 'సైమనైజ్ చేయడం' అనసాగారు. వ్యాపారనామం క్రియాపదమై నిఘంటువులకెక్కింది. కాని ఆ పని ఆదివారం పూట సగం మింగేది. గట్టి మైనాన్ని కొంచెం కొంచెంగా రుద్ది, ఆరనిచ్చి, మళ్ళీ చేతులు నొప్పిపుట్టేలా తుడవాలి.

కృత్రిమ పూత విజయానికి మొదటి కారణం ఈ చేతినొప్పే. ఇంగ్లండులో నాటింగ్‌హామ్‌లో ఆచార్యుడైన ఫ్రెడరిక్ కిపింగ్ 20వ శతాబ్దం తొలినాళ్ళలో సిలికాన్ మూలకంతో కూడిన జిగురు పదార్థాలపై పరిశోధన చేసి, వాటికి సిలికోన్ అన్న పేరు పెట్టాడు. నలభై ఏళ్ళు శ్రమించిన ఆయనే 1930లలో తన ఉపన్యాసంలో, ఈ రంగంలో పెద్ద పురోగతి ఆశించలేమన్నాడు. ఇంత నిరాడంబరమైన పొరపాటు అంచనా విజ్ఞానచరిత్రలో అరుదు. 1940లో జనరల్ ఎలక్ట్రిక్ సంస్థలో యూజీన్ రోకో వీటిని పెద్ద ఎత్తున తయారుచేసే సూటి మార్గం కనిపెట్టాడు. 1943లో డౌ కార్నింగ్ కంపెనీ పుట్టింది. యుద్ధవిమానాలు పైకెగిరినప్పుడు ఇగ్నిషన్ తీగెలకు తేమ తగలకుండా కాపాడే పూత దాని తొలి సరుకులలో ఒకటి. యుద్ధం ముగిశాక ఆ సిలికోన్ నూనెలు కారు మెరుగులో చేరాయి. వాటి జారుడు గుణం వల్ల మైనం పలచగా పరుచుకుని, ఒక్క తుడుపుకు మెరిసింది. సగం పూట పని గంటలోకి దిగింది.

గమనించండి, అక్కడ సిలికోన్ మైనానికి పోటీగా రాలేదు, తోడుగా వచ్చింది. డబ్బాలో రెండూ ఉన్నాయి. తరువాతి దశకాలలో రసాయనవేత్తలు అమీనో వర్గాలు చేర్చిన సిలికోన్లను తయారుచేశారు. ఇవి రంగు ఉపరితలాన్ని పట్టుకుని, తమలో తాము అల్లుకుని, సబ్బునీటికి సులభంగా వదలవు. ఈ అల్లికనే సీలెంటు అంటాము. మైనం రంగు మీద పడి ఉంటుంది. సీలెంటు రంగును పట్టుకుని ఉంటుంది. ఉభయులకూ భేదం ఇంతే.

ఈలోగా రంగు కూడా మారిపోయింది. 1950ల చివర జనరల్ మోటార్స్ ఎక్రిలిక్ లాకరుకు మారింది. 1980ల నాటికి అడుగున రంగు, పైన రంగులేని పారదర్శకమైన కప్పు, అనే రెండు పొరల పద్ధతి వ్యాపించింది. నేడు మన వీధుల్లో తిరిగే కార్లన్నీ దాదాపు ఆ పద్ధతివే. గుడ్డకు రంగు అంటడం పోయింది, సుద్దపొడి పోయింది. అంటే డ్యూకో శాపం తీరింది. కాని శాపవిమోచనమైన తరువాత కూడా మనం ప్రాయశ్చిత్తం చేస్తూనే ఉన్నాము. నెలకొకసారి మైనం పూయకపోతే కారు పాడైపోతుందన్నది 1930ల నాటి నిజం. నేడు పైపూత చేసే పని పక్షిరెట్ట, చెట్టుబంక, పురుగుల మరకలు, ఉప్పునీటి చారలు గట్టిపడకుండా కొంత వ్యవధి సంపాదించిపెట్టడం, నీరు నిలవకుండా జార్చడం, కంటికి ఇంపు. గీతలు పడకుండా మాత్రం రెండూ కాపాడవు.

ఇక 'సహజం' అన్న మాటను విచారించాలి. నూటికి నూరుపాళ్ళు కార్నౌబా అన్నది రాయి వంటి పదార్థం; దాన్ని కారుకు రుద్దితే గీతలే పడతాయి. పూయడానికి వీలయ్యే ముద్ద కావాలంటే ద్రావకంలో కరగించాలి. పూర్వం టర్పెంటైన్, తరువాత ఎక్కువగా పెట్రోలియం నుండి తీసిన ద్రావకాలు. మెత్తదనానికి తేనెమైనమో, ఇతర నూనెలో కలుపుతారు. తేలికగా తుడవడానికి చాలావాటిలో సిలికోన్ కూడా ఉంటుంది. కాబట్టి తాటిచెట్టు బొమ్మ ఉన్న డబ్బాలో అధికభాగం చమురుబావి సంతానమే. అట్ట మీది శతాంశం డబ్బాలోని మొత్తం సరుకుకు చెప్పినదా, అందులోని మైనం వరకే చెప్పినదా అన్నది అట్ట చెప్పదు. బహువ్రీహిని తత్పురుషగా చదివిస్తారన్నమాట.

సహజమంటే నిర్దోషమన్న భావన కూడా నిలవదు. 2017లో ఒక జర్మన్ టెలివిజన్ కార్యక్రమం కార్నౌబా కోతగాండ్ర దుఃస్థితిని చూపించింది. ఆరుబయట పడక, వడగట్టని ఏటినీరు తాగడం, పనివారిలో వయసు చాలని పిల్లలు. ఇది ఐరోపాలో కలకలం రేపింది మిఠాయిల వల్ల, కార్ల వల్ల కాదు. బ్రెజిల్ కార్మికశాఖ తనిఖీదారులు పియవీ, సెయరా తోపులలో బానిసత్వానికి సమానమైన పరిస్థితుల నుండి కూలీలను విడిపించిన సందర్భాలు అనేకం. చెట్టును నరకకుండా ఆకుతోనే బ్రతికించే పంట అది. కరవు నెలల్లో ఇతర పని దొరకని ఊళ్ళకు అదే కూలి. అందుచేత మైనం కొనవద్దని నేననను. కొన్న మైనం ఎవరి తోపుది అని అడిగే అలవాటు కొనేవారికి ఉండాలంటాను. కాఫీ, తేయాకుల విషయంలో ఈ ప్రశ్న అడుగుతున్నారు. మైనం దగ్గర ఎందుకో ఎవరూ అడగరు.

కృత్రిమ పక్షం ఏమీ పవిత్రం కాదు. మన దేశంలో కారు అమ్మే దుకాణాలలో ఏళ్ళ తరబడి 'టెఫ్లాన్ పూత' అని వేలకు వేలు తీసుకున్నారు. టెఫ్లాన్ అన్నది 1938లో రాయ్ ప్లంకెట్ యాదృచ్ఛికంగా కనుగొన్న పదార్థం. 327 డిగ్రీల వద్ద గాని కరగదు. పెనానికి పట్టించాలంటే కొలిమి వంటి వేడి కావాలి. కారుకు ఆ వేడి తగిలిస్తే రంగు ముందే పోతుంది. చల్లని రేకు మీద గుడ్డతో రుద్దితే టెఫ్లాన్ రంగుకు ఎట్లా అంటుకుంటుంది? ఆ డబ్బాలో పనిచేసినది పక్కనున్న సిలికోనే, పేరు మాత్రం ఇంకొకరిది. ఇప్పుడు ఆ స్థానాన్ని 'సిరామిక్' ఆక్రమించింది. అసలైన సిరామిక్ పూత సిలికా సంబంధమైనది, గట్టిగా అంటుకునేది, ఏళ్ళు నిలిచేదే. కాని ఆ పేరు అట్ట మీద వేసుకున్న ప్రతి సీసాలోనూ అది ఉండదు.

మరి ఏది ఎంచుకోవాలి? విజయవాడలో మే నెల ఎండ 45 డిగ్రీలు తాకుతుంది. ఆ ఎండలో నిలిపిన నల్లకారు పైకప్పు 70 డిగ్రీలు దాటవచ్చు. తేనెమైనం అక్కడ కరుగుతుంది. కార్నౌబా స్వయంగా తట్టుకున్నా, దానిని మెత్తబరచడానికి కలిపిన నూనెలు తట్టుకోవు. పైగా నీడలేని వీధిలో ధూళి ఆ మెత్తని పొరకు అంటుకుంటుంది. మైనం పూత మన ఎండలో కొన్ని వారాలు నిలిస్తే గొప్ప. మంచి సీలెంటు కొన్ని నెలలు నిలుస్తుంది. కనుక రోజూ తిరిగి, ఎండలో నిలిచే కారుకు సీలెంటే తగినది. కప్పు కింద ఉంచి, ముచ్చటగా చూసుకునే పాత అంబాసిడరుకు, అందునా ఒకే పొర రంగు ఉన్నదానికి, కార్నౌబా ఇచ్చే లోతైన వెచ్చని నిగారింపు సీలెంటు ఇవ్వదు. సీలెంటు మెరుపు అద్దం మెరుపు. మైనం మెరుపు తడి మెరుపు. మన ఏటికొప్పాకలో అంకుడు కొయ్యబొమ్మ మీద లక్క పట్టించి, మొగలి ఆకుతో అదిమి మెరుగు తెస్తారే, ఆ మెరుపు ఎరిగినవారికి నేను చెప్పేది తెలుస్తుంది.

రెండూ కావాలనుకుంటే క్రమం ముఖ్యం. ముందు సీలెంటు, అది పూర్తిగా ఆరాక పైన మైనం. తలకిందులు చేస్తే సీలెంటు రంగును కాక మైనాన్ని పట్టుకుంటుంది. మైనం పోయినప్పుడు దానితో పాటే పోతుంది. ఏది పూసినా నీడలో, చల్లబడిన రేకు మీద, వీలైనంత పలచగా పూయాలి. మందంగా పూసినంత మాత్రాన ఎక్కువ కాలం నిలవదు, తుడవడం కష్టమవుతుంది.

ఒక్క ముక్క మరచిపోకూడదు. కారుకు దెబ్బ తగిలి ఆటోనగరుకు రంగుకు పంపేటప్పుడు, సిలికోన్ కలిసిన పూత ఏదైనా వాడి ఉంటే పెయింటరుకు ముందే చెప్పండి. సిలికోన్ ఆనవాలున్న చోట కొత్తరంగు నిలవక చేపకన్ను ఆకారంలో గుంటలు పడి విడిపోతుంది. అతడు ద్రావకంతో శుభ్రంగా కడిగి మొదలుపెడతాడు; చెప్పకపోతే వేసిన రంగంతా గీకి మళ్ళీ వేయవలసి వస్తుంది.